పోలీసులు ఫోను తెరవమంటే: ముందు, ఆ క్షణంలో, తరువాత చేయవలసిన పనులు

"ఒకసారి లాక్ తీయండి, చూసి ఇచ్చేస్తాం." లాక్ వేసిన ఫోను తెరుచుకోవడానికి చాలాసార్లు ఈ ఒక్క మాటే సరిపోతుంది. అడిగింది యూనిఫాంలో ఉన్న అధికారి. చుట్టూ జనం చూస్తుంటారు. కాదంటే ఏదో దాస్తున్నానని అనుకుంటారేమోనన్న భయం లోపల. వేలు దానంతటదే తెర మీదికి వెళుతుంది. చట్టం దాన్ని సమ్మతి అంటుంది. సమ్మతి ఇచ్చాక వారంటు ఉందా, ఏ సెక్షన్ కింద అడిగారు అన్న ప్రశ్నలకు చాలావరకు బలం పోతుంది. మీ న్యాయవాది ఆ తరువాత ఎంత వాదించినా ముందుగా వినిపించే జవాబు ఒకటే: "ఆయనే తెరిచి ఇచ్చారు."

నేరాన్ని దర్యాప్తు చేయడం పోలీసుల బాధ్యత. దాన్ని అడ్డుకోవడం ఎలాగో నేను చెప్పబోవడం లేదు. చట్టం అడిగే పద్ధతిలోనే వాళ్లు అడిగేలా, చట్టం ఇవ్వమన్నంతే మీరు ఇచ్చేలా చూసుకోవడం గురించి రాస్తున్నాను. ఫోను మీ ఒక్కరిది కాదు కాబట్టి ఇది నాకు ముఖ్యం. అందులో మీ డాక్టరు చీటీలు, మీ పిల్లల ఫొటోలు, నమ్మి మీతో చెప్పుకున్న స్నేహితురాలి కష్టాలు ఉంటాయి. ఆ మనుషులెవరూ సోదాకు ఒప్పుకోలేదు.

ఒక హెచ్చరిక. చట్టం దేశానికొక రకంగా ఉంటుంది, మారుతూ ఉంటుంది. మీ కేసులో చివరి మాట మీ న్యాయవాదిదే కావాలి.

మొదటి అడుగు: మూడు తలుపులను వేరుచేసి చూడండి

ఎన్‌క్రిప్షన్ ఉన్న ఫోనులోకి, అంటే తాళంచెవి లేకుండా సమాచారాన్ని చదవలేని ఫోనులోకి వెళ్లడానికి మూడు తలుపులున్నాయి. మీ బుర్రలో ఉన్న పాస్‌కోడ్ మొదటిది. మీ ఒంటి మీద ఉన్న వేలిముద్ర లేదా ముఖం రెండోది. ఇంకెక్కడో ఒక కంపెనీ సర్వరులో కూర్చున్న బ్యాకప్, అంటే మీ సమాచారం నకలు, మూడోది. మొదటి తలుపును ఎంత గట్టిగా బిగించినా మిగతా రెండూ తెరిచి ఉంటే ఫలితం లేదు. చాలామంది చేసే పొరపాటు ఇదే. ఈ మూడింటినీ చట్టం కూడా వేర్వేరుగానే చూస్తుంది కాబట్టి వేర్వేరుగానే సిద్ధం కావాలి.

రెండో అడుగు: పాస్‌కోడ్ మార్చండి, ఈ రోజే

ఇక్కడ కాస్త లెక్క అవసరం. 2014లో ఐఓఎస్ 8తో యాపిల్ ఒక మార్పు చేసింది: ఫోనులోని సమాచారాన్ని తెరిచే తాళంచెవి తమ దగ్గర లేకుండా చేసుకుంది. ఆ తాళంచెవి మీ పాస్‌కోడ్, చిప్‌లో పాతుకుని ఉన్న ఒక రహస్య సంఖ్య కలిస్తేనే తయారవుతుంది. అందువల్ల ఫోనులోని మెమరీని ఊడదీసి పెద్ద కంప్యూటర్‌కు తగిలించి లక్షల కోడ్‌లు ప్రయత్నించడం కుదరదు. ప్రతి ప్రయత్నమూ ఆ ఫోను మీదే, ఆ చిప్ ద్వారానే జరగాలి. యాపిల్ చెప్పే ప్రకారం ఒక్కో ప్రయత్నానికి దాదాపు 80 మిల్లీసెకన్లు పడుతుంది. ఆండ్రాయిడ్ కూడా ఇదే దారిలో నడిచింది. ఆండ్రాయిడ్ 10తో వచ్చిన కొత్త ఫోన్లన్నిటిలో ఎన్‌క్రిప్షన్ తప్పనిసరి.

ఇప్పుడు లెక్క వేయండి. నాలుగంకెల పిన్‌లో 10,000 అవకాశాలున్నాయి. ఒక్కోదానికి 80 మిల్లీసెకన్లంటే మొత్తం 800 సెకన్లు, అంటే పదమూడు నిమిషాలు. ఆరంకెలైతే పది లక్షల అవకాశాలు, దాదాపు 22 గంటలు. పది అంకెలైతే 25 ఏళ్లు దాటుతుంది. చిన్న అక్షరాలు, అంకెలు కలిపి ఆరే పెట్టినా ఐదున్నర ఏళ్లు. తప్పు కోడ్ కొట్టిన ప్రతిసారీ ఫోను మరింత ఆలస్యం చేస్తుంది కదా అని మీరు అడగవచ్చు. చేస్తుంది. కానీ దర్యాప్తులో లాక్ ఉన్న ఫోన్లను తెరవడానికి వాడే సెలబ్రైట్, గ్రేకీ లాంటి ఫోరెన్సిక్ పరికరాలు వెతికేది సరిగ్గా ఆ ఆలస్యాన్ని తప్పించగల లోపాల కోసమే. ఇవాళ లేని లోపం రేపు దొరకవచ్చు, అప్పటికి మీ ఫోను సాక్ష్యాల గదిలో ఉండవచ్చు. పొడవు మాత్రం ఏ లోపానికీ కరిగిపోదు.

కాబట్టి కనీసం పది అంకెలు, లేదా ఎనిమిదికి తగ్గకుండా అక్షరాలు, అంకెలు కలిపి పెట్టుకోండి. పుట్టిన తేదీ, పెళ్లి తేదీ, బండి నంబరు, పాత ఫోను నంబరు వద్దు. దర్యాప్తు చేసేవారికి అవన్నీ ముందే తెలిసి ఉంటాయి. పాచికలు వేసి వచ్చిన అంకెలు మేలు. తెర మీద గీత గీసే ప్యాటర్న్ లాక్‌ను తీసేయండి. పక్కన నిలబడినవారికి అది ఒక్క చూపులో గుర్తుండిపోతుంది, వేలి జిడ్డు తెర మీద దారి చూపిస్తుంది. పదిసార్లు తప్పితే సమాచారం చెరిగిపోయే సదుపాయం ఐఫోనులో ఉంది. ఇంట్లో చిన్నపిల్లలు లేకపోతే, బ్యాకప్ జాగ్రత్తగా ఉంటే, దాన్ని ముందుగానే పెట్టుకోవడం మంచిదే.

మూడో అడుగు: లాక్ చేయడం వేరు, ఆపేయడం వేరు

ఈ ఒక్క విషయం తెలిసినవారు నాకు చాలా తక్కువగా కనిపిస్తారు. అందుకే ఇక్కడ కాస్త ఆగుతాను.

ఫోను ఆపి, మళ్లీ ఆన్ చేసి, ఇంకా ఒక్కసారి కూడా పాస్‌కోడ్ కొట్టని స్థితిని ఊహించుకోండి. సమాచారాన్ని తెరిచే తాళంచెవులు అప్పటికింకా తయారే కాలేదు. ఎవరైనా ఫోను చేస్తే తెర మీద నంబరు కనిపిస్తుంది గానీ పేరు కనిపించదు, ఎందుకంటే కాంటాక్టుల జాబితా కూడా ఇంకా మూసే ఉంది. ఒక్కసారి మీరు పాస్‌కోడ్ కొట్టారంటే ఆ తాళంచెవులు తయారై మెమరీలో చేరతాయి. ఆ తరువాత మీరు ఎన్నిసార్లు తెర ఆర్పి లాక్ చేసినా వాటిలో చాలావరకు అక్కడే ఉంటాయి. రోజంతా మన జేబులో ఉండేది ఈ రెండో స్థితిలోని ఫోనే. ఫోరెన్సిక్ పరికరాలకు ఎక్కువ పట్టు దొరికేదీ ఈ స్థితిలోనే. అందుకే స్వాధీనం చేసుకున్న ఫోన్లను ఆరిపోకుండా ఛార్జింగ్‌లో ఉంచడానికి ప్రయోగశాలలు అంత శ్రద్ధ చూపుతాయి.

కంపెనీలూ దీనికి తగ్గట్టు కదిలాయి. మూడు రోజుల పాటు ఎవరూ తెరవకపోతే ఐఫోను దానంతటదే ఆగి మళ్లీ మొదలయ్యే ఏర్పాటు 2024లో ఐఓఎస్ 18.1తో వచ్చింది. 2025 ఏప్రిల్‌లో గూగుల్ అలాంటిదే ఆండ్రాయిడ్‌కు తెచ్చింది. భద్రత కోసం మార్చిన ఆండ్రాయిడ్ రూపమైన గ్రాఫీన్ ఓఎస్ వాడేవారికి ఆ గడువు మామూలుగా 18 గంటలు, కావాలంటే ఇంకా తగ్గించుకోవచ్చు.

ఆచరణలో చేయవలసింది తేలిక. విమానాశ్రయానికి, సరిహద్దుకు, నిరసన ప్రదర్శనకు, పోలీసు స్టేషన్‌కు వెళ్లే ముందు ఫోనును పూర్తిగా ఆపేయండి. రాత్రి పడుకునే ముందు ఆపడం ఇంకా మంచి అలవాటు. లాక్ చేసి ఉన్నప్పుడు కేబుల్ ద్వారా ఇతర పరికరాలు అనుసంధానం కాకుండా ఆపే సెట్టింగ్ ఐఫోనులో 2018 నుంచి ఉంది. దాన్ని తీసేసి ఉంటే మళ్లీ పెట్టండి. అప్‌డేట్‌లు వచ్చిన రోజే వేసుకోండి. పాత సాఫ్ట్‌వేర్ ఉన్న ఫోనుకు పది అంకెల కోడ్ కూడా సగం రక్షణే.

ఇదంతా ముందు చేసే పని. అధికారి ఫోను అడిగాక, చేతిలో ఉన్న ఫోనును హడావిడిగా ఆపేస్తే దర్యాప్తును అడ్డుకున్నారని మీ మీద ఇంకో ఆరోపణ రావచ్చు.

నాలుగో అడుగు: మీ వేలు, మీ ముఖం

వేలిముద్ర విషయంలో చట్టం పాస్‌కోడ్ అంత ఉదారంగా లేదు. దాని వెనకున్న తర్కం పాతది. భారత సుప్రీంకోర్టు 1961లో పదకొండు మంది న్యాయమూర్తుల ధర్మాసనంతో కాఠీ కాలు ఓఘడ్ కేసులో ఒక గీత గీసింది: వేలిముద్ర, చేతిరాత నమూనా ఇవ్వడం తనకు తానే వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పడం కిందికి రాదు. అప్పటికి వేలిముద్ర మనిషిని గుర్తించడానికే పనికొచ్చేది. ఇప్పుడు అదే వేలిముద్ర ఆ మనిషి ఉత్తరాలన్నిటినీ తెరుస్తుంది. పాత గీత కొత్త పనికి సరిపోదని నా గట్టి అభిప్రాయం, కానీ ఆ అభిప్రాయం మీద ఆధారపడి మీరు ఫోను సెట్ చేసుకోకూడదు. అమెరికాలో కూడా కోర్టులు చీలిపోయి ఉన్నాయి. బొటనవేలు పెట్టించి ఫోను తెరిపించడం రాజ్యాంగ విరుద్ధం కాదని 2024లో తొమ్మిదో సర్క్యూట్ అనే ఫెడరల్ అప్పీళ్ల కోర్టు అంది. 2025 జనవరిలో వాషింగ్టన్ డీసీ అప్పీళ్ల కోర్టు అలా తెరిపించడం కూడా సాక్ష్యం చెప్పించడమేనంది.

ఇంత అనిశ్చితి ఉన్నచోట వేలిముద్రను తెరిచిన తలుపుగానే లెక్కించండి. ప్రమాదం ఉందనుకునే రోజున ముందే ఆపండి. ఐఫోనులో పక్క బటనును, ఒక వాల్యూమ్ బటనును కలిపి రెండు సెకన్లు నొక్కి పట్టుకుంటే అత్యవసర తెర వస్తుంది. అక్కడి నుంచి మళ్లీ పాస్‌కోడ్ కొట్టేదాకా ముఖం, వేలు పనిచేయవు. ఆండ్రాయిడ్ 9 నుంచి పవర్ మెనూలో లాక్‌డౌన్ అనే ఎంపిక ఉంది. కొన్ని ఫోన్లలో దాన్ని సెట్టింగ్‌లలో ముందు ఆన్ చేసుకోవాలి. ఇంట్లో నాలుగైదుసార్లు చేసి చూడండి. కంగారులో ఉన్న చేతులకు ముందే అలవాటైన పనే చేతనవుతుంది.

ఐదో అడుగు: మీ దగ్గర లేని ఫోను

2015 డిసెంబర్ 2న కాలిఫోర్నియాలోని శాన్ బెర్నార్డినోలో జరిగిన కాల్పుల్లో 14 మంది చనిపోయారు. దాడి చేసినవారిలో ఒకరి ఐఫోను 5సీ దొరికింది. లాక్ తీయడానికి వీలయ్యే ప్రత్యేక సాఫ్ట్‌వేర్ రాసి ఇవ్వాలని 2016 ఫిబ్రవరి 16న కోర్టు యాపిల్‌ను ఆదేశించింది. దానికి ఆధారం 1789 నాటి చట్టం. యాపిల్ ఎదురుతిరిగింది, ప్రపంచమంతా చర్చించింది. చివరికి మార్చి 28న, బయటివారి సాయంతో ఫోను తెరిచామని చెప్పి ప్రభుత్వమే పిటిషన్‌ను ఉపసంహరించుకుంది.

ఆ గొడవలో మరుగున పడిన వివరం మనకు ఎక్కువ పనికొస్తుంది. ఆ ఫోను నుంచి యాపిల్ సర్వర్లకు చేరిన ఐక్లౌడ్ బ్యాకప్‌లు, 2015 అక్టోబర్ 19 వరకు ఉన్నవి, దర్యాప్తు సంస్థకు అంతకుముందే అందాయి. కంపెనీ దగ్గర ఉన్న బ్యాకప్‌కు కంపెనీ దగ్గరే తాళంచెవి ఉంది కాబట్టి కోర్టు కాగితం సరిపోయింది. తరువాతి ఆరు వారాలే ఫోనులో చిక్కుకున్నాయి. దర్యాప్తు సంస్థ కోరిక మీద ఖాతా పాస్‌వర్డ్‌ను మార్చడంతో ఫోను కొత్త బ్యాకప్ పంపే అవకాశం కూడా పోయింది. ఫోను మీద అంత యుద్ధం జరిగినా, అందులోని సమాచారంలో పెద్ద భాగం పక్క దారిన బయటికి వచ్చేసింది.

మీ పక్క దారి మూసి ఉందా? ఐఫోను వాడేవారికి 2022 డిసెంబర్ నుంచి అడ్వాన్స్‌డ్ డేటా ప్రొటెక్షన్ అనే ఎంపిక ఉంది. దాన్ని ఆన్ చేస్తే ఐక్లౌడ్ బ్యాకప్ తాళంచెవి మీ పరికరాల దగ్గరే ఉంటుంది. బ్రిటన్ ప్రభుత్వ ఒత్తిడి తరువాత 2025 ఫిబ్రవరిలో యాపిల్ అక్కడి కొత్త వినియోగదారులకు దీన్ని ఆపేసింది. దీన్నిబట్టే ఈ సెట్టింగ్ విలువ తెలుస్తుంది. వాట్సాప్ సందేశాలు రెండు కొసల మధ్య ఎన్‌క్రిప్షన్‌తో వెళ్లినా, బ్యాకప్‌కు అదే రక్షణ 2021లో వేరే ఎంపికగా వచ్చింది. దాన్ని మీరే ఆన్ చేసుకోవాలి. అప్పుడు మీరు పాస్‌వర్డ్ పెట్టుకోవచ్చు, లేదా యాప్ ఇచ్చే 64 అంకెల తాళంచెవిని తీసుకోవచ్చు. కాగితం మీద రాసి భద్రపరచుకోండి, పోతే కంపెనీ కూడా తిరిగి ఇవ్వలేదు.

ఫోనుకు అనుసంధానించిన ల్యాప్‌టాప్, పాత ట్యాబ్లెట్, ఆఫీసు కంప్యూటర్లలో మీ సందేశాలు తెరిచి ఉన్నాయేమో చూడండి. సందేశాలు వారం, నెల తరువాత వాటంతటవే మాయమయ్యే ఎంపికను సున్నితమైన సంభాషణలకు పెట్టుకోండి. అవతలి మనిషి ఫోను మాత్రం మీ చేతిలో లేదు, దాన్ని ఏ సెట్టింగూ కాపాడదు.

ఆరో అడుగు: మీరు నిలబడిన నేల మీద చట్టం ఏమంటోంది

భారతదేశంలో మొదలుపెడతాను. రాజ్యాంగం 20(3) అధికరణం ప్రకారం నేరారోపణకు గురైన వ్యక్తిని తనకు వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పమని బలవంతపెట్టకూడదు. 2010లో సెల్వి కేసులో సుప్రీంకోర్టు, సమ్మతి లేకుండా నార్కో (మత్తుమందు ఇచ్చి ప్రశ్నించడం), పాలిగ్రాఫ్ (అబద్ధాలు పట్టే యంత్రం) పరీక్షలు చేయరాదని చెప్పింది. మనసులో ఉన్నదాన్ని బలవంతంగా బయటికి లాగకూడదన్నది దాని సారం. పాస్‌కోడ్ మనసులో ఉన్నదే కదా? ఇక్కడే కోర్టులు వేర్వేరు దారులు పట్టాయి. 2021లో కర్ణాటక హైకోర్టు, పాస్‌వర్డ్ ఇవ్వడం తనకు వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పడం కిందికి రాదంది. అయితే అత్యవసర పరిస్థితి తప్ప ఫోను సోదాకు వారంటు కావాలని కూడా అదే తీర్పు చెప్పింది. 2022లో ఢిల్లీలోని సీబీఐ ప్రత్యేక కోర్టు నిందితుణ్ణి పాస్‌వర్డ్ చెప్పమని బలవంతపెట్టలేమని, వేలిముద్ర వంటివి మాత్రం తీసుకోవచ్చని అంది.

సమాచార సాంకేతిక చట్టం 69వ సెక్షన్‌ను చూపి భయపెడతారు. ఆ భయం పూర్తిగా నిరాధారం కాదు, ఎన్‌క్రిప్షన్ తీయడంలో సాయం నిరాకరిస్తే ఏడేళ్ల దాకా జైలు ఉంది. కానీ ఆ ఆదేశం ఇచ్చే అధికారం 2009 నియమాల ప్రకారం మామూలుగా హోం శాఖ కార్యదర్శి స్థాయిలో ఉంటుంది, అదీ రాతపూర్వకంగా. రోడ్డు మీద ఆపిన అధికారి నోటిమాట 69వ సెక్షన్ ఆదేశం కాదు. భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చింది. దాని 94వ సెక్షన్ కింద డిజిటల్ సాక్ష్యం ఉండగల పరికరాలను హాజరుపరచమని సమన్లు ఇవ్వవచ్చు. దీనికి పాత రూపమైన నిబంధన నిందితుడికి వర్తించదని సుప్రీంకోర్టు 1964లో శ్యాంలాల్ చోక్సీ కేసులో చెప్పింది. అందుకే అడిగినప్పుడు మీరు సాక్షా, నిందితుడా అన్నది ముందుగా తేల్చుకోవాలి.

అమెరికాలో 2014 నాటి సుప్రీంకోర్టు రైలీ తీర్పు ఏకగ్రీవం: అరెస్టు చేసినంత మాత్రాన ఫోను చూడకూడదు, వారంటు తెచ్చుకోవాలి. పాస్‌కోడ్ చెప్పించడం మీద రాష్ట్రాల సుప్రీంకోర్టులు విడిపోయాయి. పెన్సిల్వేనియా 2019లో, ఇండియానా 2020లో, యూటా 2023లో వ్యక్తి పక్షాన నిలిచాయి. న్యూజెర్సీ 2020లో చెప్పవలసిందేనంది.

మౌనమే రక్షణ అనుకుంటే కొన్ని దేశాల్లో అదే నేరమవుతుంది. బ్రిటన్‌లో 2000 నాటి దర్యాప్తు అధికారాల చట్టం 49వ సెక్షన్ కింద నోటీసు వస్తే, పాటించకపోవడానికి రెండేళ్ల దాకా జైలు. జాతీయ భద్రత, పిల్లలపై అకృత్యాల కేసుల్లో ఐదేళ్లు. ఫ్రాన్స్‌లో మామూలుగా మూడేళ్లు, 2,70,000 యూరోల జరిమానా దాకా ఉంది. ఫోను తెరిచే కోడ్ కూడా ఆ చట్టం కిందికి రావచ్చని 2022 నవంబర్ 7న అక్కడి అత్యున్నత అప్పీళ్ల కోర్టు తేల్చింది. ఆస్ట్రేలియాలో మేజిస్ట్రేటు ఆదేశాన్ని పాటించకపోతే ఐదేళ్లు, తీవ్రమైన నేరాల్లో పదేళ్లు. ఇలాంటి చోట న్యాయవాది లేకుండా "చెప్పను" అనకండి, "న్యాయవాదితో మాట్లాడాక జవాబిస్తాను" అనండి.

నాకు ఆశ కలిగించిన తీర్పు 2024 అక్టోబర్ 4న యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం ఇచ్చింది. ఆస్ట్రియాలో 85 గ్రాముల గంజాయి ఉన్న పార్సిల్ వచ్చిందని ఒక వ్యక్తి ఫోను తీసుకుని, కోర్టు అనుమతి లేకుండా, ఆయనకు చెప్పకుండా తెరవడానికి ప్రయత్నించారు. అత్యవసరం మినహా, ఫోనులోకి వెళ్లే ముందు కోర్టు లేదా స్వతంత్ర సంస్థ అనుమతి ఉండాలని, దర్యాప్తుకు ఇబ్బంది లేని సమయం రాగానే ఆ వ్యక్తికి తెలియజేయాలని న్యాయస్థానం చెప్పింది. ప్రయత్నం విఫలమైనా ఈ నియమం వర్తిస్తుందని కూడా అంది.

ఏడో అడుగు: ఆ క్షణంలో అనవలసిన మాటలు

నాలుగు వాక్యాలు కంఠస్థం చేయండి. అద్దం ముందు గట్టిగా పలికి చూడండి, ఎందుకంటే భయంలో గొంతు పెగలదు.

"నేను వెళ్లవచ్చా, లేక నన్ను నిర్బంధించారా?"

"ఏ చట్టం, ఏ సెక్షన్ కింద అడుగుతున్నారో రాతపూర్వక ఉత్తర్వు చూపండి."

"సోదాకు నేను సమ్మతించడం లేదు, కానీ మిమ్మల్ని అడ్డుకోను."

"నా న్యాయవాదితో మాట్లాడాక జవాబిస్తాను."

మూడో వాక్యం అన్నిటికన్నా ముఖ్యం. అందులోని రెండు సగాలూ కలిసే ఉండాలి. మొదటి సగం మీ హక్కును కాపాడుతుంది, రెండోది మిమ్మల్ని కాపాడుతుంది. గొంతు పెంచకుండా చెప్పండి, సాక్షులు ఉంటే వారికి వినపడేలా చెప్పండి. మీ వేలిని పట్టుకుని బలవంతంగా ఫోను మీద పెట్టినా పెనుగులాడవద్దు. "నా ఇష్టం లేకుండా చేస్తున్నారు" అని నోటితో అనండి, ఎవరు, ఎన్ని గంటలకు చేశారో గుర్తుపెట్టుకోండి.

అబద్ధం వద్దు. గుర్తున్న కోడ్‌ను "మరచిపోయాను" అనడం మౌనం కన్నా చాలా చెడ్డది. మౌనానికి చాలా చోట్ల రక్షణ ఉంది, అబద్ధానికి అలాంటి రక్షణ ఉంటుందని అనుకోవద్దు. దేన్నీ చెరపవద్దు, దూరం నుంచి చెరిపించవద్దు, మీ తరఫున ఇంకెవరినీ చెరపమనవద్దు. ఫోనులో ఏ నేరమూ లేకపోయినా సాక్ష్యం మాయం చేసిన నేరం కొత్తగా పుడుతుంది.

వారంటు చూపితే చదవండి. ఎవరి పేరు ఉంది, ఏ చిరునామా, ఏ తేదీ, ఏయే వస్తువులు? ఇంటి సోదాకు ఇచ్చిన వారంటు ఫోనులోని సందేశాలను చదవడానికి అనుమతి ఇస్తోందా లేదా అన్నది వేరే ప్రశ్న. అది న్యాయవాది తేల్చాలి. మీరు చేయవలసింది ఆ కాగితం ఫొటో, కుదరకపోతే దాని నంబరు సంపాదించడం. ఇంట్లోవాళ్ల ఫోన్లు, పిల్లల ట్యాబ్లెట్ అందులో లేకపోతే ఆ మాట మర్యాదగా పైకి చెప్పండి.

న్యాయవాది సలహా మీద తెరవక తప్పదని తేలితే కోడ్‌ను చెప్పకండి, రాసివ్వకండి. మీరే కొట్టి తెరవండి. కోర్టు ఆదేశం కోడ్‌నే ఇమ్మంటే అది వేరు. వాళ్లు ఏ యాప్ తెరిచారు, దేన్ని ఫొటో తీశారు, కేబుల్ తగిలించారా, ఎంతసేపు మీ కంటికి కనిపించకుండా ఉంచారు, అన్నీ ఆ రోజే రాసిపెట్టుకోండి.

సరిహద్దు దగ్గర

దేశ సరిహద్దుల్లో మామూలు నియమాలు బలహీనపడతాయి. అమెరికా సరిహద్దు అధికారులు వారంటు లేకుండానే ఫోను చూస్తారు. 2018 నాటి వారి నిబంధనల ప్రకారం క్లౌడ్‌లో ఉన్నదాన్ని చూడకూడదు, పరికరం తగిలించి లోతుగా వెతకాలంటే సహేతుకమైన అనుమానమో జాతీయ భద్రత కారణమో ఉండాలి. పాస్‌కోడ్ ఇవ్వలేదని సొంత పౌరులను దేశంలోకి రానివ్వకుండా చేయలేరు గానీ ఫోనును ఉంచేసుకోగలరు. విదేశీయులను వెనక్కి పంపగలరు. బ్రిటన్ ఓడరేవుల్లో, విమానాశ్రయాల్లో ఉగ్రవాద నిరోధక చట్టం ఏడో షెడ్యూలు కింద ఆరు గంటల దాకా ప్రశ్నించవచ్చు, సహకరించకపోవడం నేరం. న్యూజిలాండ్ కస్టమ్స్ కోడ్ ఇవ్వనందుకు 5,000 డాలర్ల దాకా జరిమానా వేయగలదు.

ఇక్కడ ఒకే మంచి మార్గం ఉంది: తక్కువ తీసుకెళ్లండి. ప్రయాణానికి అవసరమైనవి మాత్రమే ఉన్న ఫోను, ఇంట్లో భద్రంగా ఉన్న మిగతా సమాచారం. బయలుదేరే ముందు చేసుకున్న ఈ ఏర్పాటు గురించి అడిగితే నిజమే చెప్పండి.

ఎనిమిదో అడుగు: ఫోను పట్టుకుపోతే

రశీదు లేకుండా ఫోను చేతులు మారకూడదు. రశీదులో మోడల్, ఐఎంఈఐ నంబరు (ప్రతి ఫోనుకూ విడిగా ఉండే గుర్తింపు సంఖ్య), సిమ్ వివరాలు, ఫోను ఆన్‌లో ఉందా ఆఫ్‌లో ఉందా, తేదీ, సమయం, అధికారి పేరు, హోదా ఉండాలి. ఐఎంఈఐ నంబరును ఈ రోజే కాగితం మీద రాసి ఇంట్లో పెట్టుకోండి, ఫోను పోయాక దాన్ని ఫోనులో చూడలేరు. భారతదేశంలో సోదానూ స్వాధీనాన్నీ వీడియో తీయాలని కొత్త సంహిత 105వ సెక్షన్ చెబుతోంది. తీస్తున్నారా అని అడగండి, తీయకపోతే ఆ సంగతి పంచనామాలో రాయమనండి.

తరువాత హ్యాష్ విలువ అడగండి. ఇది చాలామంది వదిలేసే పని. ఫోనులోని మొత్తం సమాచారాన్ని ఒక గణిత సూత్రం గుండా పంపితే నిర్ణీత పొడవు ఉన్న అక్షరాల వరుస వస్తుంది. ఒక్క అక్షరం మారినా ఆ వరుస పూర్తిగా మారిపోతుంది. ఫోనుకు నకలు తీసిన రోజు విలువ, కోర్టులో చూపిన రోజు విలువ ఒకటే అయితే మధ్యలో ఆ నకలులో ఎవరూ ఏదీ చేర్చలేదని అర్థం. తేడా ఉంటే మీ న్యాయవాదికి అడగడానికి చాలా ఉంటుంది. భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ ధ్రువపత్రం నమూనాలో హ్యాష్ విలువకు చోటు ఇచ్చారు కాబట్టి ఇది మీరు అదనంగా కోరుతున్న దయ కాదు. పంచనామా ప్రతి కోసం, మీ పనికి అవసరమైన ఫైళ్ల ప్రతి కోసం, ఫోను తిరిగి ఇవ్వడం కోసం న్యాయవాది ద్వారా కోర్టులో దరఖాస్తు వేయండి.

ఆ సాయంత్రమే వేరే పరికరం నుంచి బ్యాంకు, ఈమెయిల్ పాస్‌వర్డ్‌లు మార్చవచ్చా అని కూడా న్యాయవాదినే అడగండి. ఖాతా భద్రత కోసం పాస్‌వర్డ్ మార్చడం వేరు, అందులోని సమాచారం చెరపడం వేరు. రెండోది చేయకండి.

తొమ్మిదో అడుగు: ఫోను తిరిగి వచ్చాక

వెనక్కి వచ్చిన ఫోను మీరు ఇచ్చిన ఫోనే అని నమ్మవద్దు. సెర్బియాలో పోలీసుల చేతికి వెళ్లిన ఒక పాత్రికేయుడి ఫోనును సెలబ్రైట్ పరికరంతో తెరిచి, అందులో నోవీస్పై అనే నిఘా సాఫ్ట్‌వేర్ పెట్టారని ఆమ్నెస్టీ ఇంటర్నేషనల్ 2024 డిసెంబర్‌లో నివేదిక ఇచ్చింది. ఫోను తిరిగి వచ్చాక సెట్టింగ్‌లు మారి ఉన్నాయని ఆయన గమనించడంతోనే ఆ సంగతి బయటపడింది.

అనుమానం ఉంటే ఫోనును ఆన్ చేసి వాడకుండా, రీసెట్ చేయకుండా, డిజిటల్ భద్రత తెలిసిన నిపుణుడికి చూపించండి. రీసెట్ చేస్తే దుర్వినియోగం జరిగిందనడానికి ఉన్న సాక్ష్యం కూడా పోతుంది. పరీక్ష అవసరం లేదని, కేసు రీత్యా ఇబ్బంది లేదని న్యాయవాది చెబితే పూర్తిగా రీసెట్ చేయండి. వృత్తిరీత్యా ఇతరుల రహస్యాలు మోసేవారైతే, అంటే డాక్టరు, న్యాయవాది, పాత్రికేయుడు అయితే, కొత్త ఫోనే తీసుకోమంటాను. కొత్త పాస్‌కోడ్ పెట్టండి, సందేశాల యాప్‌లకు అనుసంధానమైన పరికరాల జాబితా తెరిచి తెలియనివాటిని తొలగించండి, అన్ని ఖాతాల నుంచి ఒకసారి బయటికి వచ్చి మళ్లీ లోపలికి వెళ్లండి.

ఆ తరువాత ఒక కాగితం తీసుకోండి. ఆ ఫోనులో ఎవరెవరి మాటలు, ఫొటోలు, చిరునామాలు ఉన్నాయో ఒక్కొక్కరి పేరు రాయండి. కేసులో సాక్షులుగా ఉన్నవారితో మాట్లాడకూడదన్న షరతు ఉందేమో న్యాయవాదిని అడిగి, మిగిలినవారిని స్వయంగా కలిసి, ఫోను ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు మీ చేతిలో లేదో చెప్పండి.